తెర, నేల, తీరిక

1

గత పదేళ్లుగా తెలుగు కవిత్వంలోనూ కథలోనూ సెల్‌ఫోన్ ఒక వస్తువుగా స్థిరపడిపోయింది. ఆదివారం అనుబంధాలు తిరగవేసినా, కవి సమ్మేళనంలో ఓ గంట కూర్చున్నా, ఈ వస్తువు మీద ఒక రచన తప్పక ఎదురవుతుంది. వాటిలో చాలా భాగం ఒకే అచ్చులో పోసినట్లుంటాయి. ఇంట్లో నలుగురూ నాలుగు మూలల కూర్చుని నాలుగు తెరలు చూస్తుంటారు. తాత పిలిస్తే మనవడు పలకడు. వెన్నెల వృథాగా కురుస్తుంది, పిచ్చుక చచ్చిపోతుంది, రచ్చబండ బోసిపోతుంది. చివరి చరణంలో కవి ఫోను పక్కన పెట్టి మట్టిని తాకమని పాఠకుణ్ణి హెచ్చరిస్తాడు. కథలయితే ఒక రాత్రి కరెంటు పోతుంది, లేదా ఫోను నీళ్లలో పడుతుంది. ఇంటిల్లిపాదీ ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. కథ సుఖాంతమవుతుంది.

ఈ రచనల సారాంశాన్ని ఒక్క మాటలో చెప్పాలంటే ‘సమతూకం’. డిజిటల్ జీవితానికి కొంత కాలమూ, భౌతిక ప్రపంచానికి కొంత కాలమూ కేటాయించుకోవాలని వీటి బోధ. బోధ మంచిదే. తెర ముందు గడిచిపోయే గంటలు మనల్ని ఒంటరివాళ్లను చేస్తున్నాయనడంలో నిజం లేకపోలేదు. అయితే తూకం వేయాలంటే తక్కెడ వుండాలి. ఆ తక్కెడ ఎవరి చేతిలో వుందో కూడా తెలియాలి. తన రోజుకు తాను యజమాని అయినవాడికి ఈ సలహా పనికివస్తుంది. కానివాడి సంగతి ఏమిటి? ఈ ప్రశ్న వేయకుండా రాసిన రచన ఎంత ఆర్ద్రంగా వున్నా సగం వాస్తవికత దగ్గరే ఆగిపోతుందని నా వాదన. ఈ వాదనను గాలిలో చేయకుండా కొడంగల్, తాండూరు, వికారాబాద్ ప్రాంతాన్ని ఎదురుగా పెట్టుకుని చేస్తాను.

కొడంగల్ 1956 దాకా గుల్బర్గా జిల్లాలో వుంది. రాష్ట్రాల పునర్విభజనతో మహబూబ్‌నగర్ జిల్లాలో చేరింది. 2016 నుంచి వికారాబాద్ జిల్లాలో వుంది. పొరుగున వున్న తాండూరు మీదుగా 1874లోనే వాడి నుంచి సికింద్రాబాద్‌కు రైలు నడిచింది. కొడంగల్‌కు నేటికీ రైలు లేదు. వికారాబాద్ నుంచి కృష్ణా దాకా కొత్త మార్గం వేయమని ఇక్కడివాళ్లు దశాబ్దాలుగా అడుగుతూనే వున్నారు. 2016 సెప్టెంబరులో చవక డేటా రంగంలోకి దిగాక మాత్రం కొద్ది ఏళ్లకే తండాల దాకా తెర చేరింది. రైలు రాని చోటికి రీలు వచ్చింది. బయటి ప్రపంచం నత్తనడక నడిచింది, తెర మాత్రం పరుగెత్తింది. ఇటువంటి చోట తూకం తప్పితే, కుర్రవాడి మనోదౌర్బల్యం ఒక్కటే అందుకు కారణమనడం న్యాయమేనా?

2

మొదట రచ్చబండ సంగతి చూద్దాం. ఫోను రాకముందు ఊరంతా అక్కడ కలిసి కూర్చునేదని మన కవులు వాపోతారు. ఊరంతా అంటే ఎవరు? ఏ ఊరి రచ్చబండ మీద మాదిగవాడ మనిషి దొరతో సమంగా కూర్చున్నాడు? ఏ ఇంటి కోడలు ఆ చెట్టుకింద తీరిగ్గా కబుర్లు చెప్పింది? తండా మనిషి ఆ గద్దెకు ఎంత దూరాన నిలబడ్డాడు? భౌతిక ప్రపంచం అందరికీ ఒకే విధంగా తలుపు తెరవలేదు. ఈ చరిత్రను మరచిపోయి పాత పల్లెను స్వర్గంగా చిత్రించడం పలాయనవాదమే. దానికి మట్టివాసన పూసినంత మాత్రాన అభ్యుదయం కాదు.

మాధ్యమానికీ మనిషికీ వున్న ఈ సంబంధాన్ని మన సాహిత్యంలో జాషువ ఎప్పుడో పట్టుకున్నాడు. కాళిదాసు యక్షుడు మేఘంతో సందేశం పంపాడు. అతని బాధ విరహం. శాపకాలం తీరితే ఇల్లు చేరతాడు. 1941లో వెలువడిన ‘గబ్బిలం’లో జాషువ ఆ సందేశకావ్య సంప్రదాయాన్నే తీసుకుని తలకిందులు చేశాడు. అతని నాయకుడు అంటరానివాడు. తన గోడు శివుడికి విన్నవించుకోవడానికి గబ్బిలాన్ని దూతగా ఎంచుకున్నాడు. గుడిలోకి గబ్బిలానికి ప్రవేశం వుంది, అతనికి లేదు. యక్షుడికి దూతతో అవసరం దూరం వల్ల కలిగింది. జాషువ నాయకుడికి ఆ అవసరం నిషేధం వల్ల కలిగింది. గుడి పక్కనే వున్నా అతను లోపలికి పోలేడు.

సెల్‌ఫోన్ మీద వచ్చే రచనలను విమర్శించడానికి ఈ తేడా మనకు మంచి కొలబద్ద అవుతుంది. మన కవులు ఫోనును యక్షుడి మేఘంగానే చూస్తున్నారు. దగ్గర వున్నవాణ్ణి విడిచి దూరంగా వున్నవాడితో మాట్లాడే సాధనంగా దాన్ని నిందిస్తున్నారు. కొందరి చేతిలో అది గబ్బిలం కూడా. చీకటిపడ్డాక గడప దాటరాదని కట్టడి చేసిన ఇంట్లో ఒక ఆడపిల్ల, ఆ ఫోనులోనే పోటీ పరీక్షల పాఠాలు వింటుంది. ఊరి గ్రంథాలయం తాళం తీయని చోట ఒక దళిత విద్యార్థి అంబేడ్కర్ రచనలను ఆ చిన్న తెర మీదే చదువుకుంటాడు. పుణెకో ముంబైకో వలసపోయిన లంబాడా కూలీ, తన సొంత లిపి లేని భాషలో, తన గొంతుతోనే తండాలోని తల్లికి మాట పంపుతాడు. ఉత్తరం రాయించుకోవడానికి ఎవరి గడపలోనూ అతనిప్పుడు నిలబడనక్కరలేదు.

వీళ్ల చేతిలోని ఫోనును చూపి ‘మట్టిని తాకు’ అనడం ఎటువంటిది? మట్టిని తాకడం వాళ్లకు కొత్త కాదు. మట్టి చేతులు కడుక్కుని కూర్చునే రోజు ఎప్పుడొస్తుందా అని తరతరాలుగా ఎదురుచూసినవాళ్లు వాళ్లు.

3

ఇంతటితో ఆగితే మనం ఎదుటి గోతిలో పడతాం. సాంకేతిక విజ్ఞానాన్ని కీర్తించే రచనలు కూడా మనకు తక్కువేమీ లేవు. ఫోను చేతికి వచ్చింది గనుక పేదవాడు గొప్పవాడితో సమానమైనాడని అవి చాటుతాయి. పరికరాన్ని చూసి దాని వెనకనున్న సంబంధాలను చూడకపోవడం వీటి లోపం. విలపించేవాడూ కీర్తించేవాడూ ఇద్దరూ ఫోనునే కర్తను చేసి మనిషిని కర్మగా మారుస్తున్నారు. ఆ విధంగా ఇద్దరూ ఒకే భావవాదానికి రెండు కొసలు.

రెండు ఉదాహరణలు తీసుకుందాం. గ్రామీణ ఉపాధి హామీ పనులలో కూలీల హాజరును సెల్‌ఫోన్ ద్వారా నమోదు చేసే విధానాన్ని కేంద్ర ప్రభుత్వం 2021 మే నెలలో ప్రవేశపెట్టింది. 2023 జనవరి 1 నుంచి దాన్ని దాదాపు అన్ని పనిస్థలాలలోనూ తప్పనిసరి చేసింది. రోజుకు రెండుసార్లు కూలీల ఫోటో తీసి, స్థలమూ సమయమూ తెలిసే విధంగా పంపాలి. చెరువు పూడిక తీసే స్త్రీకి భౌతిక ప్రపంచంతో సంబంధం తెగిపోయిందని ఎవరూ అనలేరు. ఆమె గడ్డపార భౌతికం, నెత్తిన ఎండ భౌతికం, నడుంనొప్పి భౌతికం. కాని ఆమె పనిచేసిందని సాక్ష్యం చెప్పే అధికారం ఆ మట్టికి లేకుండా పోయింది. తవ్విన గుంత కళ్లెదుట వున్నా, సిగ్నల్ అందక ఫోటో ఎక్కకపోతే హాజరు చిక్కులో పడింది.

రెండవ ఉదాహరణ భూమి. 2020 అక్టోబరు 29న తెలంగాణలో ధరణి పోర్టల్ ప్రారంభమయింది. 2025 ఏప్రిల్ 14న దాని స్థానంలో భూభారతిని తెచ్చారు. ధరణి కాలంలో పల్లెల్లో రోజూ వినబడిన మాటలు మనకు గుర్తున్నాయి. భూమి వుండీ పోర్టల్‌లో కనబడని రైతు, పొరపాటున నిషేధిత జాబితాకెక్కిన పట్టా, కార్యాలయాల చుట్టూ తిరిగి అరిగిపోయిన చెప్పులు. దున్నుకునే అనుభవదారుకు ఆ పోర్టల్‌లో చోటు లేదన్న విమర్శ బలంగానే వచ్చింది. 2018 మే నెలలో మొదలైన రైతుబంధు సాయం కూడా పట్టాదారు ఖాతాకే పోయింది, కౌలుదారుకు దక్కలేదు. నేల మీద వున్నవాడు తెర మీద లేడు. తెర మీద వున్నవాడు చాలాసార్లు నేల మీద లేడు.

ఇటువంటి మనిషికి తెరా నేలా రెండు వేరువేరు లోకాలు కావు. ఒకదాన్ని విడిచి మరొకదానిలోకి పోయే వెసులుబాటు అతనికి లేదు. ఒకప్పుడు పట్వారీ దస్తరంలో, మేస్త్రీ కేకలో వున్న అధికారం ఇప్పుడు తెరలోకి చేరి అతని నేల మీద కూర్చున్నది. దస్తరం పట్వారీ చేతిలో వున్న రోజుల్లో రైతు కనీసం ఎవరితో పోట్లాడాలో ఎరుగును. తెరతో పోట్లాడటం ఎలాగో అతనికి తెలియదు. ఇంత పెద్ద సంఘర్షణ మన సెల్‌ఫోన్ కథలలో ఎందుకు కనబడదు? ఎందుకంటే ఆ కథలలో ఫోను డ్రాయింగు రూములోనే మోగుతుంది.

4

ఇక్కడ ‘తీరిక’ అనే మాటను చర్చలోకి తీసుకురావాలి. తాండూరు చుట్టుపక్కల నాపరాయి గనులలోనూ, బండలు కోసి మెరుగుపెట్టే కార్ఖానాలలోనూ ఎంతోమంది పనిచేస్తారు. పగలంతా రంపం మోతలో, రాతిపొడిలో నిలబడిన మనిషి రాత్రి తిండి తిన్నాక రెండు గంటలు రీళ్లు చూస్తాడనుకుందాం. అది వ్యసనమా, విశ్రాంతా? కార్మికుడు పనిలో వున్నంతసేపూ తనకు తాను పరాయివాడుగా వుంటాడనీ, పని ముగిశాకే తనవాడవుతాడనీ 1844 రాతప్రతులలో మార్క్స్ విశ్లేషించాడు. ఆ ‘తనవాడు’ అయ్యే కాస్త సమయంలో, అలసిన ఒంటికి, తక్కువ కూలికి అందుబాటులో వున్నదేమిటి? ఆట స్థలం లేదు, నాటకం లేదు, గ్రంథాలయం ఆ వేళకు మూసి వుంటుంది. అందుబాటులో వున్నవి రెండే: కల్లు దుకాణం, తెర. అతను తెరను ఎంచుకున్నాడు. అతనికి నిగ్రహం బోధించే కవి ముందుగా అతని పని గంటలు లెక్కపెట్టాలి.

ఇదే జిల్లాలో మరొక దృశ్యం వుంది. మూసీ నది పుట్టిన అనంతగిరి కొండలకు శని, ఆదివారాలలో హైదరాబాదు నుంచి కార్లు బారులు తీరుతాయి. సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు పచ్చదనం చూడటానికి, ఫోనుకు సెలవు ఇవ్వడానికి వస్తారు. వీళ్లను ఎగతాళి చేయడం సులభం. మన రచయితలు చేస్తూనే వున్నారు. కాని ఆ ఉద్యోగి కూడా శ్రమ అమ్ముకుని బతికేవాడే. సముద్రాల అవతల వున్న కంపెనీ పిలుపు రాత్రి పదకొండు గంటలకు అతని భోజనంలోకి, నిద్రలోకి జొరబడుతుంది. వారానికొకసారి కొండగాలి పీల్చి సోమవారం అదే కుర్చీలో కూర్చుంటాడు. దీనిని సమతూకం అనడం కన్నా మరమ్మతు అనడం సబబు. అతనికి టీ అందించే కుర్రవాడికీ, గదులు తుడిచే స్త్రీకీ ఆ కొండే పని చోటు. ఒకరికి విశ్రాంతి అయిన నేల మరొకరికి చాకిరీ నేల. ‘ప్రకృతి ఒడి’ అని రాసే కవికి ఆ ఒడిని ఊడ్చే చేతులు కనబడాలి.

1886 మే 1న అమెరికా కార్మికులు ఎనిమిది గంటల పనిదినం కోసం సమ్మె కట్టారు. పనికీ నిద్రకూ పోగా మిగిలిన ఎనిమిది గంటలు మనిషి సొంతం కావాలన్నదే ఆ పోరాట సారం. నేడు ఆ మూడవ ఎనిమిది గంటలను రెండు వైపులనుంచి కొరుకుతున్నారు. ఒక వైపు పని వేళ ముగిసినా ఫోను ద్వారా వెంటాడే యజమాని. మరొక వైపు మన చూపును ప్రకటనదారులకు అమ్ముకునే కంపెనీలు. మనం తెర ముందు కూర్చున్న సమయమే వాటి సరుకు. అందుచేతనే లేవనివ్వకుండా కూర్చోబెట్టే విధంగా ఆ తెరను తయారుచేస్తారు. ఒక వైపు అంత పెట్టుబడీ అంత నైపుణ్యమూ, ఇటు వైపు ఒంటరి మనిషి నిగ్రహం. ఈ పోటీని సమానుల మధ్య పోటీగా చిత్రించడం వాస్తవికత కాదు.

ఇతర దేశాలలో ఈ సమస్యను వ్యక్తి నిగ్రహానికి వదిలిపెట్టకుండా చట్టం దాకా తీసుకుపోయారు. పని వేళలు ముగిశాక యజమాని సందేశానికి జవాబివ్వకుండా వుండే హక్కు ఫ్రాన్సులో 2017 జనవరి 1 నుంచి, ఆస్ట్రేలియాలో 2024 ఆగస్టు 26 నుంచి అమలులోకి వచ్చింది. మన లోక్‌సభలో 2018 డిసెంబరులో సుప్రియా సూలే ఇటువంటి ప్రైవేటు బిల్లును ప్రవేశపెట్టారు. అది చట్టం కాలేదు. ఆ చట్టాలు అన్నింటినీ పరిష్కరిస్తాయని నేను చెప్పడం లేదు. సమతూకం అనేది పనిదినానికి సంబంధించిన పాత పోరాటంలో కొత్త అధ్యాయమని అవి ఒప్పుకున్నాయి. మన సాహిత్యం ఆపాటి కూడా ఒప్పుకోలేదు.

5

అయితే పోగొట్టుకున్నదేమీ లేదా? వుంది. అదేమిటో సరిగా గుర్తించాలి. కవులు వెన్నెల పోయిందంటారు. వెన్నెల ఎక్కడికీ పోలేదు. పోయింది కలిసి పనిచేయడంలోనుంచి పుట్టే కలివిడితనం. 1937లో వెలువడిన ‘ఇల్యూజన్ అండ్ రియాలిటీ’లో క్రిస్టఫర్ కాడ్వెల్ కవిత్వం పుట్టుకను సామూహిక శ్రమలో, పంటల పండుగలో వెతికాడు. పదిమంది శరీరాలు ఒకే లయకు కదిలినప్పుడు పుట్టిన భావోద్వేగమే కవిత్వానికి మూలమని ఆయన సిద్ధాంతం. మన బిరుదురాజు రామరాజు ‘తెలుగు జానపద గేయ సాహిత్యము’ (1958) తిరగవేస్తే, నాట్ల పాటలు, కలుపు పాటలు, దంపుళ్ల పాటలు ఈ మాటకు సాక్ష్యం చెబుతాయి. ఇప్పుడు కంది చేలో కలుపుతీసే స్త్రీ చెంత ఒక ఫోను పాడుతుంటుంది. పాట వుంది, పాడే గొంతు మాత్రం ఆమెది కాదు. నలుగురు కూలీలుంటే నాలుగు చెవులలో నాలుగు పాటలు మోగవచ్చు. ఆమె శ్రమ తగ్గలేదు. ఆ శ్రమను పంచుకునే లయ తగ్గింది. ఇది నిజమైన నష్టం. దీన్ని గురించి రాసిన కవితకు నేను తల వంచుతాను.

తెర ఎక్కడ చాలదో మనకు అందరికంటే స్పష్టంగా చూపినవాళ్లు పేద పిల్లలు. కోవిడ్ కాలంలో, 2020 సెప్టెంబరు 1 నుంచి, తెలంగాణ ప్రభుత్వ పాఠశాలల పిల్లలకు దూరదర్శన్ యాదగిరి, టీశాట్ ద్వారా పాఠాలు ప్రసారమయ్యాయి. ఉపాధ్యాయులు చేయగలిగింది చేశారు. పాఠం ఇంటికి వచ్చింది గాని బడి రాలేదు. మధ్యాహ్న భోజనం, పక్కపిల్లవాడి పుస్తకంలోకి తొంగిచూడటం, అర్థం కాకపోతే చెయ్యెత్తడం, సాయంత్రం ఆట, వీటిని తెర ఇవ్వలేకపోయింది. ఇంట్లో ఒకే ఫోను వుండి, దాన్ని తండ్రి పనికి తీసుకుపోతే, అన్నాచెల్లెళ్లలో ఎవరి పాఠం ఆగిపోయిందో ఈ పత్రిక చదివే ఉపాధ్యాయులకు నేను చెప్పనక్కరలేదు. తెర చాలదనీ, మనుషులు ఒకచోట చేరాలనీ చెప్పే హక్కు ఆ పిల్లలదే. విహారానికి పోయేవాడి హక్కు దాని తరువాత వస్తుంది.

6

ఇదంతా అర్థశాస్త్రమే గాని సాహిత్య విమర్శ కాదనే ఆక్షేపణ రావచ్చు. వస్తువులోని లోపం శిల్పంలో లోపంగా బయటపడకుండా వుండదు. సెల్‌ఫోన్ విలాప కవితలు కవితలుగా ఎందుకు బలహీనంగా వున్నాయి? వాటిలో ఫోనుకు యజమాని లేడు, ధర లేదు, రీచార్జి గడువు లేదు, పగిలిన అద్దం లేదు. అది ఒట్టి ప్రతీక. ప్రతీకకు ఎదురుగా నిలబెట్టిన పిచ్చుకా ప్రతీకే, వెన్నెలా ప్రతీకే. రెండు ప్రతీకలు ఎదురెదురు పెడితే నీతివాక్యం పుడుతుంది గాని అనుభవం పుట్టదు. చివరి చరణం ముందు తోచి, తక్కిన కవిత దానికోసం రాసినట్లుండటానికి కారణం ఇదే.

ఇందుకు భిన్నమైన మార్గం మనకు కొత్తది కాదు. ప్రతి ఘనకార్యం వెనుకా పేరు లేని కూలీని వెతకడం శ్రీశ్రీ మనకు నేర్పాడు. 1968లో వచ్చిన ‘అమృతం కురిసిన రాత్రి’లో తిలక్ ‘తపాలా బంట్రోతు’ అనే కవిత వుంది. తిలక్‌ను మనవాళ్లు చాలామంది భావకవుల వారసుడిగా లెక్కగట్టి పక్కన పెట్టారు. కాని ఆ కవితలో ఆయన చూపు ఉత్తరం మీద ఆగకుండా, ఉత్తరం మోసేవాడి మీద నిలిచింది. సందేశం నుంచి సందేశవాహకుడి వైపు కవి దృష్టి మళ్లడమే అక్కడి అభ్యుదయం. మన కాలపు సందేశాన్ని ఎవరు మోస్తున్నారు? స్తంభమెక్కి తీగలు లాగేవాడు, ఎండలో పార్సెల్ తెచ్చేవాడు, తెర మీద బీభత్స దృశ్యాలను రోజుకు ఎనిమిది గంటలు చూసి ఏరివేసేవాడు. వీరి మీద ఎన్ని కవితలు వచ్చాయి?

సందేశాన్ని మనుషులే కాదు, నేల కూడా మోస్తుంది. డిజిటల్ ప్రపంచం మేఘాలలో వుంటుందని అనుకుంటాం. పరిభాష కూడా అటువంటిదే, ‘క్లౌడ్’ అంటారు. వికారాబాద్ జిల్లా పూడూరు మండలం దామగుండం అడవిలో నౌకాదళ సమాచార ప్రసార కేంద్రానికి 2024 అక్టోబరు 15న శంకుస్థాపన జరిగింది. నీటి అడుగున వుండే జలాంతర్గాములకు అతి తక్కువ పౌనఃపున్యపు తరంగాలతో సందేశాలు పంపడం దాని పని. అందుకు కేటాయించిన అటవీ భూమి సుమారు 2,900 ఎకరాలు. ఇది మన చేతిలోని ఫోనుకు సంబంధించిన కేంద్రం కాదు. దాని అవసరాన్ని గురించిన చర్చ వేరు. నేను చూపదలచింది ఒక్క విషయం: ఏ సంకేతమూ గాలిలో పుట్టదు, దానికి ఎక్కడో ఒకచోట నేల కావాలి. అనంతగిరిలో సిగ్నల్‌కు దూరంగా చెట్టుకింద కూర్చున్న కవికి అదే జిల్లాలో సిగ్నల్ కోసం పోతున్న చెట్టు కూడా కనబడితే, అతని కవిత మరో విధంగా వుంటుంది.

7

చివరగా కొంత ఆత్మవిమర్శ అవసరం. 1934లో సురవరం ప్రతాపరెడ్డి ‘గోలకొండ కవుల సంచిక’ను వెలువరించాడు. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులు లేరన్న ఆక్షేపణకు జవాబుగా 354 మంది కవులను అందులో చేర్చాడు. అచ్చుయంత్రం, తపాలా ఆనాటి కొత్త మాధ్యమాలు. ఆయన వాటితో చెల్లాచెదురుగా వున్న మనుషులను ఒకచోట చేర్చాడు. వట్టికోట ఆళ్వారుస్వామి దేశోద్ధారక గ్రంథమాల పుస్తకాలను తానే మోసుకుని ఊరూరా తిరిగి అమ్మాడు. 1943లో తెనాలిలో అభ్యుదయ రచయితల సంఘం పుట్టినప్పుడు రచయితలు రైళ్లెక్కి వచ్చి ఒక పందిరికింద కూర్చున్నారు. వీళ్లెవరూ మాధ్యమాన్ని ద్వేషించలేదు. దాన్ని మనుషుల దగ్గరికి చేరే దారిగా వాడుకున్నారు.

మనమేం చేస్తున్నాం? మన శాఖలు చాలాచోట్ల వాట్సాప్ బృందాలుగా మిగిలాయి. ఉదయం రాసిన కవిత మధ్యాహ్నానికి నూరు చప్పట్ల బొమ్మలు సంపాదించి సాయంత్రానికి మరుపున పడుతుంది. ఎదుట కూర్చుని ‘ఈ చరణం నిలబడలేదు’ అని చెప్పే మిత్రుడు లేడు. వుంటే అతన్ని బృందం నుంచి తొలగిస్తున్నాం. తెర మీద జరిగే ఈ సమావేశానికి కూలీ రాడు, వచ్చినా మాట్లాడడు. పిల్లలకు ఫోను తగ్గించమని కవితలు రాసే మనం, ఆ కవితను ఎంతమంది మెచ్చారో చూడటానికి గంటకోసారి ఫోను తీస్తున్నాం. ఈ వ్యాసం రాసినవాడికీ ఆ అలవాటు లేదని చెప్పను.

కాబట్టి సమతూకం అనే మాటను మనం వదలవలసిన పని లేదు. దాని అర్థాన్ని విశాలం చేయవలసి వుంది. తెర ముందు గంటలు తగ్గాలంటే, తెర బయట పోవడానికి ఒక చోటు వుండాలి, పోవడానికి తీరిక వుండాలి. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణ ఆర్టీసీ బస్సులలో స్త్రీలకు ఉచిత ప్రయాణం వచ్చింది. దాని మీద మనవాళ్లు పరిహాసాలు చాలా రాశారు, తెర మీదే రాశారు. కొడంగల్ చుట్టుపక్కల పల్లె నుంచి ఒక ఆడపిల్ల బస్సెక్కి తాండూరులో కాలేజీకి పోతుందంటే, ఆమె బయటి ప్రపంచం అన్ని మైళ్ల మేర పెరిగింది. బస్సులో ఆమె ఫోను చూసుకుంటూ కూర్చోవచ్చు. అయినా ఆమె పక్కన మరొక ఆడపిల్ల కూర్చుని వుంటుంది, కాలేజీ దగ్గర ఇద్దరూ కలిసి దిగుతారు. బస్సు, వేళకు తెరిచే గ్రంథాలయం, ఆడపిల్లలు కూడా ఆడుకోగల మైదానం, బతకడానికి చాలిన కూలి, ఎనిమిది గంటలకు ముగిసే పని, ఇవి ఎంత పెరిగితే తెర అంతగా తన హద్దులోకి వస్తుంది. వీటిని అడగని సమతూకం ధనికుల ఆరోగ్య సూత్రంగా మిగిలిపోతుంది.

ఈ పత్రిక చదివే విద్యార్థులకు ఒక పని సూచిస్తాను. మీ ఊళ్లో పదిమందిని కలిసి, వారి రోజు ఎలా గడుస్తుందో అడిగి రాయండి. పని ఎన్ని గంటలు, నడక ఎంత, ఇంట్లో ఫోన్లు ఎన్ని, రీచార్జి ఎవరు చేయిస్తారు, రాత్రి ఫోను ఎవరి చేతిలో వుంటుంది, ఎవరి చేతిలోనుంచి ముందు లాక్కుంటారు, తెరలో ఏం చూస్తారు, చూడకపోతే ఎక్కడికి పోయేవారు. ఫోనులో అడగవద్దు, నడిచి పోయి అడగండి. ఆ పది రోజుల లెక్కలు ముందు పెట్టుకుని కథ రాయడానికి కూర్చుంటే, పిచ్చుకా వెన్నెలా అవసరమైన మేరకే వస్తాయి.